వై మైక్రోడిలీషన్ పరీక్ష: ఎవరికి, ఎలా, రిపోర్టులో ఏం చూడాలి

మగవాళ్ల వై క్రోమోజోమ్‌లో చిన్న ముక్కలు ఊడిపోయాయేమో చూసేదే వై మైక్రోడిలీషన్ పరీక్ష. వృషణంలోంచి వీర్యకణాలు తీసే టెసె ఆపరేషన్‌కి తేదీ తీసుకోక ముందే ఇది అయిపోవాలి. వై క్రోమోజోమ్ పొడవాటి భుజం మీద వీర్యకణాల తయారీకి కావాల్సిన జన్యువులున్న భాగాన్ని ఏజడ్‌ఎఫ్ అంటారు. అందులో ఎ, బి, సి అని మూడు ప్రాంతాలు. ఏది ఊడిపోయిందో తెలిస్తే, కోత కోయడం దండగో కాదో చాలావరకు ముందే తేలిపోతుంది.

ముందు వీర్య పరీక్ష సరిగ్గా జరగాలి. 2 నుంచి 7 రోజులు కలయికకు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి, కొన్ని వారాల తర్వాత మళ్లీ ఇవ్వాలి. కణాలు అసలు కనబడకపోతే శాంపిల్‌ని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో 3000 జి (గురుత్వాకర్షణకు 3000 రెట్ల బలం) వద్ద 15 నిమిషాలు తిప్పి, అడుగున దిగినదాన్ని కూడా చూడాలి. ఆ పని చేయకుండా అజూస్పెర్మియా (వీర్యంలో కణాలు అసలు లేవు) అని రాసే ల్యాబులకు కొదవ లేదు. కణాలు లేకపోయినా, మిల్లీలీటరుకు 50 లక్షల కంటే తక్కువున్నా మైక్రోడిలీషన్ పరీక్షతో పాటు కార్యోటైపింగ్ (క్రోమోజోముల సంఖ్య, ఆకారం చూసే పరీక్ష) కూడా చేయించాలి. వృషణాల సైజు, ఎఫ్‌ఎస్‌హెచ్ (వీర్యకణాల తయారీని నడిపించే హార్మోన్) మామూలుగా ఉండి నాళం మూసుకుపోయిన కేసుల్లో ఈ పరీక్షతో పనిలేదు. పుట్టుకతోనే వీర్యనాళాలు లేనివాళ్లకు చూడాల్సింది సీఎఫ్‌టీఆర్ జన్యువు.

పరగడుపున రావాల్సిన పని లేదు. 2, 3 మిల్లీలీటర్ల రక్తం ఈడీటీఏ ట్యూబులో, అంటే ఊదారంగు మూతదానిలో తీయాలి. హెపారిన్ ట్యూబులో తీస్తే పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కలను లక్షల రెట్లు పెంచి చూసే పద్ధతి) దెబ్బతింటుంది. ఒక్కో ప్రాంతానికి కనీసం రెండు మార్కర్లు (ఆ ప్రాంతం ఉందో లేదో చెప్పే డీఎన్‌ఏ గుర్తులు) చూడాలి: ఎ కి ఎస్‌వై84, ఎస్‌వై86, బి కి ఎస్‌వై127, ఎస్‌వై134, సి కి ఎస్‌వై254, ఎస్‌వై255. వీటిని రెండు మల్టీప్లెక్స్‌లుగా (ఒకే ట్యూబులో చాలా మార్కర్లు కలిపి నడిపే పీసీఆర్‌లుగా) విడగొట్టి, ఒక్కోదానిలో మూడు ప్రాంతాలూ పడేలా పెడతారు. పరీక్ష సరిగ్గా నడిచిందో లేదో చెప్పే జన్యువులు, అంటే వై మీది ఎస్‌ఆర్‌వై, వై, ఎక్స్ మీద జంటగా ఉండే జడ్‌ఎఫ్‌వై/జడ్‌ఎఫ్‌ఎక్స్, రెండింటిలోనూ ఉండాలి. వీటితో పాటు ఆరోగ్యవంతుడైన మగవాడి డీఎన్‌ఏ, ఆడమనిషి డీఎన్‌ఏ, ఉత్త నీళ్లు కూడా నడపాలి. పీసీఆర్ ఫలితాన్ని జెల్ మీద చూస్తారు, ఒక్కో మార్కరు ఒక్కో గీతగా కనిపిస్తుంది. ఆడమనిషి శాంపిల్లో జడ్‌ఎఫ్‌ఎక్స్ గీత మాత్రమే రావాలి. నీళ్లలో ఏ గీత వచ్చినా ఆ రోజు రన్ మొత్తం పారేయాల్సిందే.

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. జెల్ మీద ఒక్క గీత మాత్రమే మాయమై, అదే ప్రాంతంలోని రెండోది కనిపిస్తుంటే దాన్ని డిలీషన్ (ముక్క ఊడిపోవడం) అనకూడదు. డీఎన్‌ఏ పాడై ఉండొచ్చు, లేదా ప్రైమర్ (పీసీఆర్‌ని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) అతుక్కునే చోట డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారి ఉండొచ్చు. ఆ మార్పు వంశపారంపర్యంగా వచ్చేదే, దానివల్ల నష్టం లేదు. ఆ మార్కర్‌ని విడిగా, మళ్లీ తీసిన డీఎన్‌ఏతో నడపాలి. రెండూ పోయాయని ఖాయమయ్యాక అంచుల దగ్గరి మార్కర్లు కూడా చూసి, ప్రాంతం పూర్తిగా పోయిందో, కొంత మిగిలిందో తేల్చాలి. ఎ, బి విషయంలో ఈ మెట్టు తప్పనిసరి, ఎందుకంటే కొంత మిగిలినవాళ్లలో కణాలు దొరికే అవకాశం ఉంది.

ఎ పూర్తిగా పోతే వృషణంలో సెర్టోలి కణాలు (వీర్యకణాలను పోషించే సహాయక కణాలు) తప్ప మరేవీ ఉండవు. బి గానీ, బి, సి కలిపి గానీ పూర్తిగా పోతే కణాల ఎదుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. వీళ్లకు టెసె వద్దని చెప్పడమే న్యాయం. దాత వీర్యం, దత్తత గురించి అప్పుడే మాట్లాడాలి. సి ఒక్కటే పోతే కథ వేరు. దాదాపు సగం మందికి టెసెలో కణాలు దొరుకుతాయి, కొందరికి వీర్యంలోనే కొద్దిగా ఉంటాయి. ఉన్నవి కాలక్రమంలో తగ్గిపోవచ్చు కాబట్టి ముందే ఫ్రీజ్ చేయించుకోవడం మంచిది. ఇక్సీతో (ఒక్క వీర్యకణాన్ని అండంలోకి సూదితో ఎక్కించే ఐవీఎఫ్ పద్ధతితో) కొడుకు పుడితే ఆ లోపం తప్పకుండా వాడికీ వస్తుంది, కూతురికి రాదు. ఈ మాట ఐవీఎఫ్ మొదలుపెట్టక ముందే దంపతులిద్దరికీ చెప్పాలి.

తండ్రికి పిల్లలు పుట్టారు కదా, నాకెలా వచ్చిందని చాలామంది అడుగుతారు. వై లో ఒకేలాంటి డీఎన్‌ఏ వరసలు పదేపదే ఉంటాయి. అవి ఒకదాంతో ఒకటి జతకట్టి మధ్య ముక్కను జారవిడుస్తాయి. తండ్రి వీర్యకణం తయారయ్యేటప్పుడే చాలావరకు ఇది జరుగుతుంది. ఊడిన ముక్కను ఏ పొడీ, ఏ మాత్రా తిరిగి తేలేదు.

రిపోర్టులో ‘జీఆర్/జీఆర్’ అని ఉంటే సి లో కొంత ముక్క మాత్రమే పోయిందని అర్థం. జపాన్‌లో డి వంశశాఖ (వై క్రోమోజోమ్‌ని బట్టి గుర్తించే తండ్రి వైపు వంశాల్లో ఒకటి) మగవాళ్లలో ఇది మామూలే, పిల్లలూ పుడుతున్నారు. అదొక్కటే చూసి టెసె వద్దనకూడదు.