పాత డోజర్: బ్లేడు లూజు తగ్గించిన తీరు

లెవలింగ్ పనికి సెకండ్ హ్యాండ్ డోజర్ (బుల్డోజర్) కొనేటప్పుడు అందరూ ఇంజిన్ పొగే చూస్తారు. నేల నున్నగా రావాలంటే ముందు చూడాల్సింది మట్టిని నెట్టే బ్లేడు లూజు. బ్లేడును మోసే సీ-ఫ్రేమును (సీ ఆకారపు చట్రం) దిమ్మెల మీద ఆనించి, ఇంజిన్ ఆపి, బ్లేడు మూలను గడ్డపారతో మీటాలి. మధ్యలో కొద్దిపాటి లూజు మూల దగ్గర ఎన్నో రెట్లవుతుంది. నేల మీద అలలు పడేది అందుకే.

మేం బాగుచేసిన ఈ క్యాటర్‌పిల్లర్ డీ6 డోజర్‌లో, బ్లేడును ఫ్రేముకు కలిపే మధ్య బాల్ జాయింటు (గుండ్రటి కీలు) టకటకమంది. క్యాప్ బోల్టులు విప్పి, రెండు వైపులా సమానంగా ఒక్కొక్క షిమ్ (సందు నింపే పలుచని రేకు) తీసి, మాన్యువల్‌లోని టార్కుకు (బిగింపు బలానికి) బిగించి గ్రీజు కొట్టాం. బ్లేడు పట్టేస్తే ఎక్కువ తీసినట్టే, ఒకటి తిరిగి వేయాలి. బ్లేడును ఒక పక్కకు వంచే టిల్ట్ సిలిండర్ పిన్నులు, బుష్‌లు అరిగితే మాత్రం షిమ్‌లతో లాభం లేదు, మార్చాల్సిందే.

బ్లేడు కింది అంచుకుండే కటింగ్ ఎడ్జ్‌కు దారం పట్టి చూడండి: మధ్యలో అరిగితే నేల మీద గట్టు మిగులుతుంది.