లిక్విడ్ నెల తిరగకుండానే అయిపోతోందా? ముందు బకెట్‌లో నీళ్లు చూడండి

బెంగళూరులో మేముండే అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకులు, నీళ్లలోని కాల్షియం తగ్గించి మెత్తబరిచే సాఫ్ట్‌నర్ యంత్రం చూసుకునే పని కొన్నేళ్లుగా నాది. అందుకే గిన్నెల లిక్విడ్ నిలవడం లేదని, తుడిచిన నేల జిగురుగా ఉంటోందని ఇరుగుపొరుగు నా దగ్గరికే వస్తారు. ప్రతి ఒక్కరూ ఇప్పటికే రెండు మూడు కంపెనీలు మార్చి ఉంటారు. మూతతో కొలిచి పోశారా అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. దయచేసి ముందు ఆ ఒక్క పని చేయండి. కొత్త సీసా తెరిచిన రోజున దాని మీద తేదీ రాయండి, వారం రోజులు కొలిచి పోయండి. సగం ఇళ్లలో సమస్య అక్కడే తీరిపోతుంది.

సమస్య: తుడిచిన నేల మీద నడిస్తే పాదాలకు అంటుకుంటోంది

లిక్విడ్ తక్కువై కాదు, ఎక్కువై. అదనంగా పోసినది నేల మీదే పొరగా ఆరి దుమ్మును పట్టుకుంటుంది. మురికి పోలేదనుకుని మరునాడు ఇంకొంచెం పోస్తారు. రెండు రోజులు వట్టి నీళ్లతో తుడిచి, మూడో రోజు నుంచి సీసా మీద రాసిన కొలతే వాడండి.

సమస్య: నీళ్లు కలిపి పెట్టిన లిక్విడ్ వాసన మారింది

పొదుపు కోసం సగం సీసా నీళ్లతో నింపి వారాల తరబడి ఉంచుతారు. పాడవకుండా కంపెనీవారు వేసిన మందు కూడా దానితో పలచబడి, సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఏ రోజుకు కావలసింది ఆ రోజే కలపండి.

సమస్య: కొలిచే పోస్తున్నాం, అయినా నురుగు నిలవడం లేదు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఒక వేసవిలో మా ఇంట్లో నలభై రోజులు వచ్చే లీటరు సీసా ఇరవై అయిదు రోజులకే ఖాళీ కావడం మొదలైంది. కంపెనీ మార్చాను, లాభం లేదు. చివరికి మా ఇంట్లో పనిచేసే ఆమెతో “కాస్త చూసి పోయమ్మా” అన్నాను. “నేను ఎక్కువ పోయడం లేదన్నా, ఈ నీళ్లకు నురుగు రావడం లేదు” అందామె. రోజూ గిన్నెలు తోమే మనిషి చెప్పిన మాట నేను వినలేదు. ఆమె చెప్పిందే నిజమని తెలిశాక క్షమాపణ చెప్పుకున్నాను.

జరిగింది ఇది. నీళ్ల కొరత కదా అని, తాగునీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే వృథా నీటిని బకెట్‌లో పట్టి గిన్నెలకు వాడడం మొదలుపెట్టాం. మూడు లీటర్లు లోపలికి వెళ్లి, ఒక లీటరు మంచినీరుగా, రెండు లీటర్లు వృథా నీరుగా వస్తున్నాయనుకోండి. మూడు లీటర్లలోని లవణాలు దాదాపు అన్నీ ఆ రెండు లీటర్లలో చేరతాయి, అంటే ఒకటిన్నర రెట్లు చిక్కబడతాయి. అప్పటికే నగరానికి సరఫరా అయ్యే మెత్తని కావేరి నీళ్లు తగ్గి, లవణాలు ఎక్కువుండే ట్యాంకర్ల బోరు నీళ్లు వస్తున్నాయి. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం (నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాల కొలత) లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీటి వనరు లేకపోతే 600 వరకు ఉండవచ్చు. కుళాయిలో 400 ఉన్న నీళ్లు ఆ బకెట్‌లోకి వచ్చేసరికి దాదాపు 600 అవుతాయి. అందులోని కాల్షియం, మెగ్నీషియం లిక్విడ్‌లో జిడ్డు వదిలించే పదార్థాన్ని పట్టుకుంటాయి. మనం పోసినదాంట్లో కొంత గిన్నెను తాకకముందే ఖర్చయిపోతుంది.

దీన్ని నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరుతో తేల్చాలని చూడకండి. సాఫ్ట్‌నర్ కాల్షియం స్థానంలో సోడియం పెడుతుంది కాబట్టి, నీళ్లు మెత్తబడినా మీటరులో అంకె ఇంచుమించు అంతే ఉంటుంది. ఒకే రకం సీసాలు రెండు తీసుకోండి. ఒకదాంట్లో ఆర్‌ఓ మంచినీళ్లు, రెండోదాంట్లో మీరు గిన్నెలకు వాడే నీళ్లు సగం వరకు పోయండి. రెండింటిలోనూ చిటికెడు సబ్బు తురుము వేసి, మూత పెట్టి బాగా కుదపండి. కాఠిన్యం ఎక్కువున్న నీళ్లయితే నురుగు నిలవదు, నీళ్లు మజ్జిగలా విరిగి తెల్లటి తెట్టు కడుతుంది. లిక్విడ్‌తో కాక సబ్బుతోనే చేయాలి, తేడా సబ్బులోనే స్పష్టంగా తెలుస్తుంది.

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. గిన్నెలు కడగడానికి ఏ నీళ్లయినా ఫరవాలేదు, నురుగు చేసే నీళ్లు మాత్రం మెత్తనివి కావాలి. ఒక గ్లాసు కావేరి నీళ్లలోనో, ఆర్‌ఓ మంచినీళ్లలోనో చెంచాడు లిక్విడ్ కలిపి పీచును అందులోనే ముంచి తోమండి. వృథా నీటిని పారబోయవద్దు. ఎంగిలి గిన్నెల మొదటి కడుగుకు, మరుగుదొడ్డికి, బాల్కనీ కడగడానికి వాడుకోండి. నేల తుడవడానికి బోరు నీళ్లే దిక్కయితే పది లీటర్ల బకెట్‌లో చెంచాడు చాకలి సోడా కలిపి, అరగంట ఆగి, తేరిన నీటిని వంచుకుని అందులో లిక్విడ్ పోయండి. వంట సోడాతో ఈ పని జరగదు. చాకలి సోడా కలిపిన నీళ్లు అల్యూమినియం పాత్రలకు తగలనివ్వకండి, నల్లబడతాయి. తలంటుకు కుంకుడుకాయ వాడే ఇళ్లలో ఒక తేడా గమనించే ఉంటారు. ఆ నురుగు ఉప్పునీళ్లలోనూ విరగదు, ఎందుకంటే కుంకుడు రసాన్ని కాల్షియం పట్టుకోలేదు.

అపార్ట్‌మెంట్ అంతటా ఒకేసారి ఇదే ఫిర్యాదు వస్తే ఇళ్లలో వెతకవద్దు. సాఫ్ట్‌నర్‌లో ఉప్పు అయిపోయిందేమో వెళ్లి చూడండి, అది నీళ్లను మెత్తబరిచేది ఆ ఉప్పుతోనే.

ఇతర కారణాలు

నకిలీ సరుకు, గడువు దాటిన సీసా, పగిలిన పంపు. ఉంటాయి, కానీ అరుదు. వీటి మీద రోజులు పోగొట్టుకోకండి.

ఒక్క విషయంలో మాత్రం పొదుపు చూడవద్దు. అడుగున మిగిలిన సీసాలన్నీ ఒకే దాంట్లోకి ఒంపుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆమ్లం బ్లీచింగ్ ద్రవంతో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇరుకు స్నానాల గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. అడుగున మిగిలినదాన్ని దాని సీసాలోనే నాలుగు చుక్కల నీళ్లు పోసి, కుదిపి, అదే పనికి వాడేయండి.