గ్యారేజీలో విమానం: ముందు రివెట్ కొట్టడం నేర్చుకోండి

డాలస్ చుట్టుపక్కల గ్యారేజీల్లో సగం కట్టిన విమానాలు చాలా చూశాను. ఎవరైనా పిలిస్తే వెళ్లి చూసి, చేతనైన సాయం చేసి వస్తుంటాను. ఎక్కువ చోట్ల కనిపించేది ఒకటే తప్పు. ఏ ఇంజను పెట్టాలి, ఏ స్క్రీను పెట్టాలి, ఏ రంగు వేయాలి అని ఏడాది పాటు ఆలోచించినవారు రేకులను కలిపే రివెట్ కొట్టడం నేర్చుకోవడానికి ఒక్క వారాంతం కూడా కేటాయించరు. తోక భాగం రేకులు సొట్టలు పడ్డాక ఫోన్ చేస్తారు.

నేను కట్టింది ఒరెగాన్‌లోని వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ వారి ఆర్‌వీ-9ఏ. రెండు సీట్లు పక్కపక్కనే ఉంటాయి, ముక్కు కింద చక్రం, 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజను. ఇక్కడ చెప్పేదంతా ఇంట్లో కట్టుకునేలా విడి భాగాలుగా వచ్చే అలాంటి అల్యూమినియం కిట్ గురించి, అమెరికాలో ఉండి కట్టేవారి కోసం.

కిట్ కొనేముందు

విమానం నడపడం ముందు నేర్చుకోండి. కట్టడం అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. ఇలాంటి కిట్‌కు మామూలుగా 1,500 గంటలు, ఒక్కోసారి అంతకు పైనే పడుతుంది. వారానికి 10 గంటలు పనిచేస్తే మూడేళ్లు. గాల్లో ఉండటం తమకు నచ్చుతుందో లేదో తెలియకుండా మూడేళ్లు రేకులు రుద్దేవారు మధ్యలో ఆగిపోతారు. ఆ కిట్లే తర్వాత సగం ధరకు అమ్మకానికి వస్తాయి.

ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు మామూలుగా కనీసం 40 గంటలు ఎగరాలి. అందులో 20 గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో, 10 గంటలు ఒంటరిగా. నాకు తెలిసినవారిలో 60 గంటల లోపు పూర్తిచేసినవారు తక్కువే. సెస్నా 172 అనే చిన్న విమానంలోనే నేర్చుకోండి. మీ తప్పులను ఓర్చుకుంటుంది, దాదాపు ప్రతి ఊరి ఎయిర్‌పోర్టులోనూ దొరుకుతుంది.

మనవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. అమెరికా సిటిజన్ కానివారు, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, శిక్షణ మొదలుపెట్టకముందే టీఎస్‌ఏ (రవాణా భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) అనుమతి తీసుకోవాలి. విమానం సొంత పేరు మీద రిజిస్టర్ కావాలంటే సిటిజన్‌షిప్ గానీ గ్రీన్‌కార్డు గానీ ఉండాలి. హెచ్1బీ మీద ఉన్న ఒకాయన కిట్‌కు డబ్బు కట్టేశాక ఈ సంగతి తెలుసుకున్నాడు. పాపం, ఆయన టెన్షన్ చూడలేకపోయాను.

ఇక 51 శాతం నియమం. ఎగరడానికి సర్టిఫికెట్ రావాలంటే విమానంలో సగానికి పైగా పని ఔత్సాహికులు తాము నేర్చుకోవడానికో, సరదా కోసమో చేసి ఉండాలి. డబ్బిచ్చి కట్టించుకుంటే కుదరదు. పనిచేసిన ప్రతిరోజూ లాగ్ రాయండి, ఫోటో తీయండి. ఫోటోలో మీరు కూడా కనిపించాలి.

సామాన్లు

ఎయిర్ కంప్రెసర్, రివెట్ గన్, రివెట్‌ను చేత్తో నొక్కే స్క్వీజర్, రివెట్ తల కూర్చునే గుంట (డింపుల్) చేసే ఫ్రేము, రేకులను తాత్కాలికంగా కలిపి పట్టుకునే క్లీకోలు కొన్ని వందలు, నంబర్ 40, నంబర్ 30 డ్రిల్ బిట్లు. రివెట్ అవతలి వైపు ఆనించి పట్టుకునే బకింగ్ బార్ మాత్రం టంగ్‌స్టన్‌దే కొనండి. ఖరీదెక్కువే. కానీ చిన్న ముక్కలోనే బాగా బరువుంటుంది కాబట్టి చెయ్యి దూరని చోటికీ దూరుతుంది. ఉక్కు బార్‌తో మొదలుపెట్టినవారందరూ చివరికి దీన్నే కొన్నారు. గ్యారేజీలో కారుకు ఇక చోటుండదని ఇంట్లో ముందే చెప్పండి.

కిట్ విడతలుగా వస్తుంది. తోక, తర్వాత రెక్కలు, తర్వాత బాడీ, చివర్లో మిగతావన్నీ. అన్నీ ఒకేసారి తెప్పించుకోవద్దు.

రివెట్: ఇక్కడ ఆగి చదవండి

రివెట్ అంటే తల ఉన్న చిన్న అల్యూమినియం మేకు. చిల్లులో పెట్టి, తల మీద గాలి గన్‌తో కొడుతూ, అవతలి వైపు బకింగ్ బార్ ఆనించి పట్టుకుంటే దాని తోక నలిగి చొక్కా గుండీలా పరుచుకుంటుంది. ఆ గుండీయే రెండు రేకులనూ కలిపి పట్టుకుంటుంది. ఇలాంటివి విమానంలో పదివేలకు పైగా ఉంటాయి.

ఎక్కువగా వాడేది 3/32 అంగుళాల రివెట్, అంటే 2.4 మిల్లీమీటర్లు. కొట్టేముందు తోక రేకుల అవతలికి దాని మందానికి ఒకటిన్నర రెట్లు, అంటే 3.6 మి.మీ. పొడుచుకుని రావాలి. కొట్టాక గుండీ వెడల్పు 3.6 మి.మీ., ఎత్తు 1.2 మి.మీ. ఉండాలి. కంటితో అంచనా వేయవద్దు. గేజ్ చవగ్గానే దొరుకుతుంది, జేబులో ఉంచుకోండి.

సగం రివెట్లు గన్ ముట్టుకోకముందే పాడవుతాయి. చిల్లు పెట్టాక అంచున లేచిన గరుకును తీసేయాలి. గరుకు తీసే టూల్‌ను వేళ్లతో పట్టుకుని ఒకటి రెండు చుట్లు తిప్పితే చాలు. ఐదారు చుట్లు తిప్పితే చిల్లు అంచు కత్తిలా పలచబడిపోతుంది. తర్వాత డింపుల్. రేకు బయటి వైపు రివెట్ తల కూర్చునే చిన్న గిన్నెలాంటి గుంట అది. డింపుల్ సరిపడా లోతుగా పడకపోతే రివెట్ తల పైకి ఉబ్బి ఉంటుంది. ఇక గన్‌తో ఎంత కొట్టినా లోపలికి పోదు.

ఇక కొట్టడం. గన్‌కు గాలి ఒత్తిడి 40 పీఎస్‌ఐ దగ్గర పెట్టండి. ట్రిగ్గర్ నొక్కేముందే గన్‌ను రివెట్ తల మీద నిటారుగా, గట్టిగా ఒత్తాలి. గన్ కాస్త పక్కకు ఒరిగినా రేకు మీద నవ్వు ముఖంలా వంకర సొట్ట పడుతుంది. బార్ పట్టుకునేవారు నొక్కాల్సిన పనిలేదు. బార్ బరువే పనిచేస్తుంది. అది తోకకు నిటారుగా ఆని ఉంటే చాలు. ఒకటి రెండు సెకన్ల దెబ్బ ఒక్కటే వేయండి. చిన్న చిన్న దెబ్బలు పది వేస్తే రివెట్ దెబ్బ దెబ్బకూ గట్టిపడుతుంది. చివరికి నలగదు, అంచున చిట్లుతుంది. భయపడి మెల్లగా కొట్టేవారి రివెట్లే ఎక్కువ పాడవుతాయి.

చెవిని వాడండి. మొదట బొంగురుగా ‘టప్పు టప్పు’ అంటుంది. నలగడం పూర్తయ్యేసరికి చప్పుడు గట్టిపడి ‘టక్ టక్’ మంటుంది. అక్కడ ఆపాలి. అందుకే నా గ్యారేజీలో పాటలు పెట్టనివ్వను.

అన్నిటికంటే ముఖ్యం, ఇద్దరి మధ్య మాట. నాకు మా బావమరిది బార్ పట్టేవాడు. రెక్క లోపలికి భుజం దాకా చెయ్యి పెట్టి, ముఖం రేకుకు ఆనించి కూర్చునేవాడు. నాకు అతని చెయ్యి కనిపించదు, అతనికి నా గన్ కనిపించదు. ఒకరోజు “పెట్టావా?” అని అడిగాను. “ఆఁ” అన్నాడు. కొట్టాను. అవతల బార్ లేదు. ఆ “ఆఁ” వంటింటి తలుపు దగ్గరి నుంచి కాఫీ తాగుతారా అని అడిగిన వాళ్లక్కకు చెప్పింది. ఎడమ రెక్క పైరేకు మీద ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, వేలితో తడిమితే తెలుస్తుంది.

ఆ రోజు నుంచి మా దగ్గర మూడే మాటలు. బార్ ఆనించాక “పెట్టా బావా.” నేను “కొడుతున్నా.” అతను గుండీ చూసి “సరిపోయింది” అనో, “వంగింది బావా” అనో చెప్పాలి. అది వినేదాకా గన్ కదలదు. ట్రిగ్గర్ వదిలాకే బార్ తీయాలి. “ఆఁ”, “ఊఁ”, తల ఊపడం, ఏవీ లెక్కలోకి రావు. చెవులకు మఫ్స్ ఉంటాయి కాబట్టి గట్టిగా అనండి. మీ ఇంట్లో వేరే మాటలు పెట్టుకోండి, కానీ రోజువారీ మాటల్లో దొర్లని మాటలై ఉండాలి.

ఒంటరిగా ఒక చేత్తో గన్, ఇంకో చేత్తో బార్ పట్టుకుని కొట్టేవారున్నారు. అంచుల దగ్గర అది కుదురుతుంది. పెద్ద రేకుల దగ్గర వద్దు. ‘బార్ లేకుండా ఒకవైపు నుంచే బిగించే పాప్ రివెట్లు వాడితే ఈ బాధంతా ఉండదు కదా’ అని అడుగుతారు. అలా కావాలంటే అదే కంపెనీ ఆర్‌వీ-12 కొనుక్కోండి, దాన్ని ఎక్కువగా వాటితోనే డిజైన్ చేశారు. గట్టి రివెట్ కోసం గీసిన డ్రాయింగ్‌లో మీకు తోచిన చోట పాప్ రివెట్ దూర్చకూడదు.

ఒక రివెట్ పాడైందనుకోండి. వెంటనే డ్రిల్ అందుకోవద్దు. గేజ్ పెట్టి చూడండి. గుండీ కొద్దిగా పక్కకు జరిగి, కొలత దాదాపు సరిపోతే వదిలేయండి. తీయబోయి చిల్లు పెద్దది చేసుకోవడం కంటే అదే నయం. పూర్తిగా వంగిపోయినా, చిట్లినా తీయాల్సిందే. తల మధ్యలో సరిగ్గా గుర్తు పెట్టి, నంబర్ 40 బిట్‌తో తల లోతు వరకే డ్రిల్ చేయండి. ఆ గుంతలో సన్నని పంచ్ పెట్టి పక్కకు ఒరిస్తే తల ఊడి వస్తుంది. తర్వాత లోపలి నుంచి రేకుకు ఆధారం పెట్టి తోకను మెల్లగా బయటికి తట్టండి. బిట్‌ను ఒకేసారి అటువైపుకు దించేవారి చిల్లు ఎనిమిది అంకెలా అవుతుంది. అలా అయితే లావుపాటి ఒళ్లు, చిన్న తల ఉన్న రివెట్ వేయాలి.

అలసిపోయినప్పుడు కొట్టవద్దు. రాత్రి పది దాటాక నేను గన్‌కు గాలి కనెక్షన్ తీసేస్తాను. అసలు రేకులు ముట్టుకునేముందు ప్రాక్టీస్ కిట్ తెప్పించుకుని 200 రివెట్లు కొట్టండి. అందులో వరుసగా 50 సరిగ్గా పడితేనే తోక కిట్ పెట్టె తెరవండి.

మిగతా కట్టడం

ఇంధనం ట్యాంకులకు లీకు కాకుండా సీలెంట్ పూయడం జిడ్డు పని, కష్టమైనది కాదు. తూకం వేసి కలపండి, పాత బట్టలు కట్టుకోండి, తర్వాత కొద్దిగా గాలి నింపి సబ్బు నీళ్లతో లీకులు చూడండి. వైరింగ్, ఇంజను బిగింపు పుస్తకంలో ఉన్నట్టే చేస్తే అయిపోతాయి.

ఆ ‘ఉన్నట్టే’ అన్న మాట పట్టుకోండి. 1997 అక్టోబరులో గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియా తీరంలో ఇంట్లో కట్టిన లాంగ్-ఈజెడ్ అనే విమానం కూలి చనిపోయాడు. దాన్ని కట్టింది ఆయన కాదు, కొనుక్కున్నాడు. ఇంధనం ట్యాంకు మార్చే పిడిని డ్రాయింగ్‌లో చూపిన చోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక పెట్టారు. దాన్ని అందుకోవాలంటే సీట్లోనే వెనక్కి తిరగాలి. తిరిగితే కాలు విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ పెడల్ మీద పడే ప్రమాదం ఉంది. మీకు ఎంత మంచి ఐడియా వచ్చినా ఇంధనం, కంట్రోళ్ల జోలికి పోవద్దు.

మొదటిసారి ఎగరడం

తనిఖీ అయ్యి సర్టిఫికెట్ వచ్చాక పరీక్షా దశ మొదలవుతుంది. సర్టిఫైడ్ ఇంజను, దానికి తగిన ప్రొపెల్లర్ ఉంటే మామూలుగా 25 గంటలు, లేకపోతే 40. చెప్పిన హద్దుల్లోనే ఎగరాలి, సరదాకి ఎవరినీ ఎక్కించుకోకూడదు. అమ్మానాన్న హైదరాబాద్ నుంచి వచ్చి ఉన్నా ఎక్కించుకోకూడదు.

దానికి ముందే ఇదే మోడల్ విమానం ఉన్న ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కొన్ని గంటలు నేర్చుకోండి. సెస్నాకు అలవాటైన చేతికి ఆర్‌వీ స్టిక్ చాలా తేలిగ్గా ఉంటుంది. మణికట్టుతో తిప్పాల్సిన దాన్ని భుజంతో తిప్పేస్తారు.

రన్‌వే మీద వేగంగా అటూ ఇటూ పరుగెత్తించి చూడటం ఒక అలవాటుగా మారింది. అది వద్దు. కొత్త ఇంజను నేల మీద ఎక్కువసేపు తిరిగితే వేడెక్కి సిలిండర్ల లోపలి గోడలు నున్నగా మారిపోతాయి, తర్వాత నూనె తాగుతూనే ఉంటుంది. దానికి కావాల్సింది గాల్లో ఎక్కువ పవర్.

ఉదయం గాలి లేనప్పుడు, ఒంటరిగా బయల్దేరండి. ఇంజను ఆగినా దిగగలిగేలా ఎయిర్‌పోర్టు మీదే గుండ్రంగా తిరగండి. పవర్ తగ్గించకుండా నూనె ఒత్తిడి, సిలిండర్ల వేడి చూస్తూ ఉండండి. గంట లోపు దిగిపోండి. దిగాక ఎవరు కౌగిలించుకోవడానికి వచ్చినా ముందు ఇంజను మూత విప్పండి. టార్చి వేసి ప్రతి పైపు బిగింపు కిందా వేలితో తడిమి చూడండి. నూనె తగిలిన చోట మార్కర్‌తో గుర్తు పెట్టి, లాగ్‌లో రాసి, అది సరిచేశాకే రెండోసారి ఎగరండి.