ఎగ్ టెంపెరాలో ఆకాశం చారలు పడుతుంటే

గుడ్డు పచ్చసొన, నీరు, పొడి రంగు కలిపి వేసే ఎగ్ టెంపెరాలో పొలాలు, గడ్డి త్వరగానే కుదురుతాయి గాని, ఆకాశం చాలామందిని విసిగిస్తుంది.

సమస్య: ఆకాశంలో చారలు, మరకలు.
కారణం: పూసిన కొద్ది క్షణాల్లోనే ఈ రంగు ఆరిపోతుంది కాబట్టి, తైలవర్ణాల్లోలాగా నీలాన్ని తడిగా ఉండగానే తెలుపులోకి కలిపేయడం కుదరదు. సగం ఆరిన చోట కుంచె మళ్లీ తగిలితే అడుగు పొర లేచి వస్తుంది.
పరిష్కారం: అల్ట్రామెరైన్ (ముదురు నీలం), టైటానియం వైట్‌లతో నడినెత్తి నీలం మొదలు దిగంతపు లేత ఛాయ దాకా నాలుగైదు మిశ్రమాలను ముందే వేరువేరు గిన్నెల్లో సిద్ధం చేసుకోవాలి. కుంచెను ముంచి, వేళ్ల మధ్య నొక్కి, తడి దాదాపు పోయాక సన్నని గీతలను ఏటవాలుగా ఒకదానిపై ఒకటి అల్లుకుంటూ పోవాలి. రెండు ఛాయలు కలిసే చోట ఒకదాని గీతలు రెండోదాని హద్దు దాటాలి. మొదటి రెండు మూడు పొరల్లో బొమ్మ చెడిపోయిందనే అనిపిస్తుంది. ఓపికగా పొరలు పెంచితే గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. స్పాంజితో అద్దితే పని త్వరగా అవుతుంది గాని, గీతల మధ్య నుంచి వచ్చే వెలుగు అందులో రాదని నా అభిప్రాయం.

సమస్య: నీలం ఆకుపచ్చ వైపు తిరగడం.
కారణం సొనలోని పసుపు. వెలుతురు తగిలేకొద్దీ అది వెలిసిపోతుంది కాబట్టి కొన్ని రోజులు ఆగి చూడాలి. తొందరపడి నీలం పెంచితే తర్వాత ఆకాశం మరీ ముదురుగా తేలుతుంది.

సమస్య: రంగు పొడిగా రాలడం, లేదా పగలడం.
సొన చాలకపోతే రాలుతుంది. సొన ఎక్కువైనా, పొర మందమైనా, అడుగున వంగే కాన్వాసు ఉన్నా పగులుతుంది. మిశ్రమాన్ని గాజు ముక్కపై పూసి, ఆరాక బ్లేడుతో గీకి చూడండి: పొడి రాలితే సొన పెంచాలి, రిబ్బనులా చుట్టుకుంటూ లేస్తే పాళ్లు సరిపోయినట్లే. అడుగున గట్టి చెక్క పలక, దానిపై సుద్ద, జంతు జిగురుతో చేసిన గెస్సో అనే తెల్లని పూత ఉండాలి. అక్రిలిక్ గెస్సో తగినంత పీల్చుకోదు.

సమస్య: గడ్డి చాపలా కనిపించడం.
మొత్తం పొలానికి ఒకే ఆకుపచ్చ పూయడమే కారణం. ముందు ముదురు గోధుమ రంగు అంబర్, మసక ఆకుపచ్చ రంగు గ్రీన్ ఎర్త్‌లతో నేల వేసి, దానిపై ఓకర్ (మట్టి పసుపు) గీతలను వేరు నుంచి కొనకు ఒక్కొక్కటిగా లాగాలి. అమెరికన్ చిత్రకారుడు ఆండ్రూ వైయెత్ 1948లో ఇదే మాధ్యమంలో వేసిన ‘క్రిస్టినాస్ వరల్డ్’లో పొలాన్ని దగ్గరగా చూస్తే, ఆ ఎండుగడ్డి పరకలు విడివిడిగా కనిపిస్తాయి.