ఐర్లండ్ పల్లెకవుల పాటలను వెతికి చదివే విధానం

ఐర్లండ్‌లోని మారుమూల ఊరి కవిని గురించి తెలుసుకోదలచినవారు బడిపిల్లల చేతిరాతలతో మొదలుపెట్టడం మంచిది. 1937 నుండి 1939 వరకు ఐరిష్ జానపద సంఘం పిలుపు మేరకు సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలు ఇంట్లోని, ఇరుగుపొరుగులోని పెద్దలను అడిగి, తమ ఊరి కథలు, నాటువైద్యాలు, పాటలు, స్థానిక కవుల వివరాలు రాసుకున్నారు. దాదాపు 7,40,000 పుటల ఆ సేకరణ ‘దూఖస్’ వెబ్‌సైటులో ఉచితంగా లభిస్తుంది. అది నేటి ఐర్లండ్ రిపబ్లిక్‌లోని 26 కౌంటీలకే (జిల్లాలకే) పరిమితం కనుక ఉత్తర ఐర్లండ్ ఊళ్లకోసం అక్కడ వెతకనక్కరలేదు.

ముందుగా కౌంటీని, ఆపై పాఠశాలను ఎంచుకోవాలి. కవి పేరుతో నేరుగా వెతికితే తరచుగా నిరాశే మిగులుతుంది, ఎందుకంటే ఒకే ఇంటిపేరును ఐరిష్‌లో ఒకలా, ఇంగ్లీషులో మరోలా రాస్తారు. ఊళ్ల పేర్లకూ ఇదే చిక్కు ఉన్నా, ‘లోగనిమ్’ అనే స్థలనామ కోశంలో రెండు రూపాలూ దొరుకుతాయి. పాట చెప్పినవారి పేరు, వయసు, ఊరు పుటలో ఉంటే 1911 జనాభా లెక్కల్లో ఆ కుటుంబాన్ని చూడవచ్చు.

పాటను తప్పక పైకి చదవాలి. ఐరిష్ పద్యంలో హల్లుల కంటే అచ్చుల పొందికకే ప్రాధాన్యం. ఇంగ్లీషులో పాట కట్టిన పల్లెకవులు చాలామంది ఆ అలవాటును వదులుకోలేదు కాబట్టి, కంటికి ప్రాస తప్పినట్లు కనిపించిన చోట కూడా పాదం నడుమనున్న అచ్చు మరో అచ్చును అందుకుంటూ చెవికి వినిపిస్తుంది. రెండో అక్షరపు హల్లుకోసం చూసే మన ప్రాసకు ఇది దాదాపు తలకిందులు.

తరువాత పాటలోని సంఘటనను ఆనాటి పత్రికలతో పోల్చాలి. 1828 సెప్టెంబరులో గాల్వే సంతకు గొర్రెలతో బయలుదేరిన పడవ మునిగి సుమారు 20 మంది చనిపోగా, అంధకవి రాఫ్టరీ ఐరిష్‌లో కట్టిన ‘ఆనఖ్ దూన్’ శోకగీతం మృతుల్లో కొందరిని పేరుపేరునా తలచుకుంటుంది. ఎగతాళి పాటల విషయంలో ఇంకొంత జాగ్రత్త అవసరం: పల్లెకవి కసి తీర్చుకోవడానికి కట్టిన మాటను సాక్ష్యంగా తీసుకోకూడదు, తిట్లు తిన్నవారి మనుమలు నేటికీ అదే ఊళ్లో ఉండవచ్చు. వెబ్‌సైటులో చేతిరాత పక్కన కనిపించే టైపు ప్రతిని సిద్ధం చేసింది ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే కాబట్టి, ఉదహరించే ముందు ప్రతి పాదాన్నీ చేతిరాత చిత్రంతో సరిచూసుకోవాలి.