పోర్షే 550 స్పైడర్: ఇంజన్ తడబాటుకూ, పొగకూ, చప్పుడుకూ కారణాలు, మరమ్మతులు

పోర్షే కంపెనీ రేసు కారు 550 బరువు సుమారు 550 కిలోలు మాత్రమే. 1953లో తొలి కార్లు 356 మోడల్ ఇంజన్‌తోనే రేసుకు దిగినా, ఈ బండికి పేరు తెచ్చింది ఇంజనీరు ఎర్న్‌స్ట్ ఫుర్‌మాన్ రూపొందించిన 1498 సీసీ, నాలుగు క్యామ్‌షాఫ్ట్‌ల (వాల్వులను తెరిచే కడ్డీల), 110 హార్స్‌పవర్ ఇంజన్. ఇక్కడ చెప్పేదంతా ఆ ఇంజన్ గురించే.

సమస్య: ఐడిలింగ్ నిలవదు, యాక్సిలరేటర్ తొక్కగానే తడబడుతుంది, కార్బ్యురేటర్ లోంచి టపటపమంటుంది.

చాలామంది వెంటనే సోలెక్స్ కార్బ్యురేటర్లను (పెట్రోలును గాలితో కలిపే పరికరాలను) విప్పుతారు, అది తొందరపాటు. ముందు స్పార్క్ వైపు చూడాలి. ప్రతి సిలిండర్‌కూ రెండు ప్లగ్గులు, వాటికి కరెంటు పంచే రెండు డిస్ట్రిబ్యూటర్లు ఉంటాయి. తొలి ఇంజన్లలో ఇవి క్యామ్‌షాఫ్ట్ చివరల నుంచే తిరుగుతాయి కాబట్టి, క్యామ్‌షాఫ్ట్‌లను నడిపే బెవెల్ గేర్ల (ఏటవాలు పళ్ల చక్రాల) పళ్ల మధ్య ఖాళీ పెరిగితే స్పార్క్ పడే సమయం కూడా అటూ ఇటూ ఊగుతుంది. ఇంజన్ వేడెక్కాక ఒక డిస్ట్రిబ్యూటర్‌కు కరెంటిచ్చే కాయిల్ కనెక్షన్ ఆపి రివ్స్ (ఇంజన్ తిరిగే వేగం) ఎంత పడిపోయాయో చూసి, మళ్లీ కలిపి, రెండోదానితోనూ అలాగే చేయాలి. రెండుసార్లూ తగ్గుదల సమానంగా లేకపోతే, ఏ కాయిల్‌ను ఆపినప్పుడు రివ్స్ తక్కువగా పడ్డాయో, ఆ కాయిల్ నడిపే ప్లగ్గుల వరుసలోనే లోపం. అందులో ముందు డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లు, ప్లగ్గులు, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) చూడాలి. టైమింగ్ లైట్‌లో గుర్తు ఒకచోట నిలవకుండా ఊగుతుంటే బెవెల్ గేర్ల ఖాళీని సరిచేయాలి. అది ఓపికతో చేసే పని, గంటలో తేలదు.

సమస్య: స్టార్ట్ చేయగానే నీలం పొగ, ఆయిల్ ట్యాంకులో మట్టం తక్కువ.

ఇది డ్రై సంప్ ఇంజన్, అంటే ఆయిల్ ఇంజన్ అడుగున కాకుండా విడి ట్యాంకులో ఉంటుంది. బండి చాలా రోజులు కదలకుండా ఉంటే ట్యాంకులోని ఆయిల్ క్రాంక్‌కేసులోకి (ఇంజన్ అడుగు పెట్టెలోకి) జారుతుంది. అది చూసి ఆయిల్ కలిపితే మోతాదు మించుతుంది. ఇంజన్‌ను వేడెక్కించి, నడుస్తుండగానే మట్టం చూడాలి. అప్పటికి పొగ తగ్గిపోతే దిగులు పడనక్కర్లేదు.

సమస్య: కింద నుంచి లోహపు చప్పుడు.

క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్ ప్రధాన ఇరుసు) రోలర్ బేరింగుల మీద తిరుగుతుంది, పైగా ముక్కలుగా చేసి కూర్చినది. పై గేరులో తక్కువ రివ్స్ వద్ద బలవంతంగా లాగిస్తే రోలర్లు దెబ్బతింటాయి. బండిని కదపకుండా ఉంచితే తేమకు అవి తుప్పు పడతాయి. ఆయిల్ ఫిల్టర్ విప్పి చూసినప్పుడు మెరిసే లోహపు రవ్వలు కనిపిస్తే, ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేయకుండా క్రాంక్‌షాఫ్ట్ పునర్నిర్మాణం తెలిసిన నిపుణుడికి అప్పగించాలి.