లోహాలు అతి తక్కువగా ఉన్న ప్రాచీన నక్షత్రాలను సర్వే డేటాలో వెతకడం ఎలా?

ఖగోళశాస్త్రంలో హైడ్రోజన్, హీలియం మినహా మిగిలిన మూలకాలన్నీ లోహాల కిందే లెక్క. తరతరాల నక్షత్రాలు వాటిని తయారుచేసి వాయువులో కలుపుతూ వచ్చాయి కాబట్టి, ఇనుము పాళ్లు సూర్యుడిలో ఉన్నదానిలో వెయ్యో వంతు కూడా లేని నక్షత్రం చాలా పాతదై ఉండే అవకాశం ఎక్కువ.

అన్వేషణకు నక్షత్రాల స్థానాలను కొలిచిన గైయా అంతరిక్ష టెలిస్కోపు 2022 జూన్‌లో వెలువరించిన మూడో డేటా విడుదల, దక్షిణాకాశాన్ని కొలిచిన స్కైమ్యాపర్ సర్వే చాలు. గైయా ఆర్కైవ్ నుంచి ఏడీక్యూఎల్ (ఖగోళ డేటాబేస్‌లను అడిగే భాష) ప్రశ్నలతో స్థానం, పారలాక్స్ (దూరాన్ని తెలిపే స్వల్ప స్థానభ్రంశం), ప్రకాశం తెచ్చుకుని, వాటిని స్కైమ్యాపర్ కొలతలతో స్థానాన్ని బట్టి జతపరచాలి. పాలపుంత తలానికి దగ్గరి ప్రాంతాన్ని మొదట వదిలేయడమే మేలు. అక్కడి దట్టమైన ధూళి రంగులను ఎంతగా మారుస్తుందంటే, సవరణలో కొద్ది తేడా వచ్చినా ఫలితం తారుమారవుతుంది. మిగతా చోట్ల కూడా ధూళి పటాల సాయంతో రంగులను సవరించాకే ముందుకు సాగాలి.

అసలు ఆధారం కాల్షియం. అయనీకరణం చెందిన కాల్షియం 393.4, 396.8 నానోమీటర్ల వద్ద కాంతిని బలంగా శోషిస్తుంది. లోహాలు తగ్గితే ఆ శోషణ తగ్గి, ఈ రేఖల ప్రాంతపు ఊదా కాంతిని కొలిచే స్కైమ్యాపర్ ‘వి’ ఫిల్టర్‌లో నక్షత్రం మరింత ప్రకాశంగా కనిపిస్తుంది. వేడి నక్షత్రాల్లోనూ ఈ రేఖలు బలహీనమే కనుక ఒకే రంగున్న వాటినే పోల్చాలి. రెండు ఫిల్టర్లలోని ప్రకాశాల తేడాయే రంగు; ప్రకాశం పెరిగేకొద్దీ దాని అంకె తగ్గుతుంది. ‘జి’, ‘ఐ’ కూడా స్కైమ్యాపర్ ఫిల్టర్లే. అడ్డంగా జి−ఐ, నిలువుగా (వి−జి)−1.5(జి−ఐ) గీస్తే, నిలువు విలువ తోటివాటి కన్నా బాగా తక్కువగా ఉన్నవే అభ్యర్థులు.

ఈ జాబితాను అప్పుడే నమ్మకూడదు. చురుకైన యువ నక్షత్రాల వర్ణావరణం (ఉపరితలంపై ఉండే వాయుపొర) వెలువరించే కాంతి కాల్షియం రేఖలను పూడ్చి, వాటిని ముసలివాటిలా చూపిస్తుంది. పారలాక్స్‌తో నిజ ప్రకాశం లెక్కగట్టి ఎర్ర దిగ్గజాలకే (వయసు మళ్లి ఉబ్బిన నక్షత్రాలకే) పరిమితమైతే ఈ బెడద చాలావరకు తీరుతుంది. గైయాలో ఆర్‌యూడబ్ల్యూఈ (ఒంటరి నక్షత్రపు కదలికకు కొలతలు ఎంత సరిపోలాయో చెప్పే సూచిక) విలువ 1.4 దాటినవి జంట తారలు కావచ్చు కనుక వాటినీ తీసేయాలి.

జారిపోయేవాటి సమస్య ఇంతకన్నా చిక్కైనది. కార్బన్ అధికంగా ఉన్న నక్షత్రాల్లో అణుపట్టీలు ‘వి’ కాంతిని మింగేయడంతో, నిజంగా లోహాలు లేనివి కూడా మామూలువాటిలా కనిపించవచ్చు. అలాగే వేగం ఆధారంగా హేలో (పాలపుంత పళ్లెం చుట్టూ ఉన్న గోళాకార ప్రాంతం) నక్షత్రాలనే ఎంచుకోవడమూ సరికాదు. 2011లో ప్రకటించిన ఎస్‌డీఎస్‌ఎస్ జే102915+172927 అనే నక్షత్రం అతి తక్కువ లోహాలున్నదే అయినా పాలపుంత తలానికి దగ్గరగానే తిరుగుతోంది.

మిగిలినవాటికి లామోస్ట్ (చైనా టెలిస్కోపు) వంటి వర్ణపట సర్వేల్లో ఇప్పటికే వర్ణపటం ఉందేమో చూడాలి. లేకపోతే ప్రకాశవంతమైనవాటితో మొదలుపెట్టి ముందు మధ్యస్థ విభేదనలో (రేఖలను విడదీసి చూపే సూక్ష్మతలో), అందులో నిలిచినవాటికే అధిక విభేదనలో వర్ణపటం తీయించి, ఇనుప రేఖలను నేరుగా కొలవాలి.